రామదాసుని చిట్టా

కంచెర్ల గోపన్న 17వ శతాబ్దమున పాల్వంచ పరగణాకు తహసీల్దారు. సర్కారునకు చేరవలసిన పైకమును భద్రాచల రాముని గుడికి వెచ్చించి, తానీషా కాలమున గోలకొండ చెఱసాల పాలయ్యెను. పండ్రెండేండ్లచట నుండెనని జనశ్రుతి.

చెఱలో పుట్టినదని ప్రసిద్ధి కెక్కిన 'ఇక్ష్వాకు కులతిలక' కీర్తన మన యిండ్లలో నందఱెఱిగినదే. సీతమ్మకు చింతాకు పతకము, భరతునకు పచ్చల పతకము, రామునకు కలికితురాయి. నగ వెంట నగను పేర్కొని, పట్టిన వెలలు చెప్పి, దేవుని నిలదీసెను. గ్రామ కరణము చిట్టా చదివినట్లే యుండును. భక్తుడిట్లు లెక్కలడుగవచ్చునా యని కొందఱు పెద్దలు నొచ్చుకొందురు. మాకా నొప్పి లేదు. కడుపులో లెక్క దాచుకొని పెదవులపై స్తోత్రము పలుకుటకంటె నిది మేలు. అంతతో నాగెనా? అదే కీర్తనలో, తాను తిట్టిన సంగతి తానే గ్రహించి, దెబ్బల కోర్వలేక నోరు జాఱితినని కారణమును గూడ నొప్పుకొని, మన్నింపు మనెను. తన కోపమునకు భక్తియని పేరు పెట్టుకొనలేదు.

మన సంగతి వేఱు. ఆలయపు మెట్లపై దాత పేరును, ఇచ్చిన మొత్తమును చెక్కింతుము. అది కౌలుదారుని గింజయో, వడ్డీ సొమ్మో, లంచమో మనసులోనైనను చెప్పుకొనము. గోపన్న వెచ్చించినదియు శిస్తు సొమ్మే. కాని యాతడు దానికై చెఱ ననుభవించెను. శిలాఫలకములు వేయించుకొనిన వారిలో నెందఱనుభవించిరి?

మేము వినిన భజనలలో నగల చరణములకు తాళములు ఘల్లుమని మ్రోగును. మన్నింపు చరణము వచ్చుసరికి సగము మంది ప్రసాదమునకై లేచుచుందురు.