కుక్కకు గది దొరికిన తరువాత

ఒక కథనో ప్రాంతాన్నో కాలాన్నో ఇతివృత్తంగా తీసుకొని కట్టిన వినోదస్థలాన్ని థీమ్ పార్కు అంటారు. దానికి అనుబంధంగా, సాధారణంగా అదే ఆవరణలో, అదే ఇతివృత్తపు ఛాయలో నడిచే విడిదిని థీమ్ పార్కు రిసార్టు అంటారు. రామోజీ ఫిల్మ్ సిటీలో సితార, తార అనే రెండు హోటళ్లు రెండు వేర్వేరు ధరలలో ఉండటం చూసినవారికి, ఇటువంటి విడిదిలో ధరల అంతస్తులు ఉంటాయన్న సంగతి విడిగా చెప్పనక్కరలేదు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, ఓర్లాండో నగర సమీపాన, 1971 అక్టోబరు 1న తెరుచుకున్న వాల్ట్ డిస్నీ వరల్డ్ ఈ అంతస్తులను మరింత స్పష్టంగా విభజించింది. నాలుగు పెద్ద పార్కులున్న ఆ విశాల ఆవరణలోని హోటళ్లను ప్రధానంగా చవక, మధ్యశ్రేణి, ఖరీదైన శ్రేణి అని మూడు తరగతులుగా లెక్కిస్తారు. పెంపుడు కుక్కను వెంటబెట్టుకొని ప్రయాణించే కుటుంబానికి వీటిలో మధ్యశ్రేణి ఎంతవరకు అనువైనదన్న ప్రశ్నకు, పోర్ట్ ఆర్లీన్స్ రివర్‌సైడ్ అనే రిసార్టును దగ్గరగా పరిశీలిస్తే తగిన సమాధానం దొరుకుతుంది.

మధ్యశ్రేణి అంటే గది కాస్త పెద్దదని మాత్రమే అర్థం కాదు. చవక హోటల్లో లేని, కూర్చున్నచోటికే వడ్డించే భోజనశాల, జారుడుబల్ల ఉన్న ఈతకొలను, చెట్ల నీడన నడకదారులు ఇక్కడ సాధారణంగా ఉంటాయి. ఖరీదైన హోటళ్లలో కొన్నింటికి ఉన్నట్లు పార్కు గుమ్మం వరకు నడిచివెళ్లే వీలుగానీ, ఒంటిపట్టా మీద నడిచే మోనోరైలు సౌకర్యంగానీ ఉండవు. సొంత కారు తీయకపోతే రివర్‌సైడ్ నుంచి పార్కులకు బస్సే గతి. ఈ రిసార్టులో 2,048 గదులున్నాయి. అవి రెండు మూడు అంతస్తుల భవనాలుగా విడిపోయి, మనుషులు తవ్వించిన ససగూలా అనే కాలువ పొడవునా పరుచుకొని ఉంటాయి. గది తలుపులు లోపలి నడవాలోకి గాక నేరుగా ఆరుబయటి వరండాలోకి తెరుచుకుంటాయి. మనుషులకు ఇది చిన్న విషయమే గాని, గదిలో ఒంటరిగా మిగిలిన కుక్కకు చిన్నది కాదు: దారిన పోయే ప్రతి అడుగు చప్పుడూ, ఈడ్చుకుపోయే ప్రతి పెట్టె చక్రాల మోతా తలుపు అవతలనే వినిపిస్తాయి.

రిసార్టు ఇతివృత్తం గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1992లో ఇది డిక్సీ లాండింగ్స్ అనే పేరుతో మొదలైంది. డిక్సీ అనేది బానిసత్వం వేళ్లూనిన అమెరికా దక్షిణ రాష్ట్రాలకు వాడుకలో ఉన్న పాతపేరు. 2001లో ఆ పేరును తొలగించి, పక్కనే ఉన్న ఫ్రెంచ్ క్వార్టర్ అనే రిసార్టుతో కలిపి పోర్ట్ ఆర్లీన్స్ అన్నారు. అయినా మాగ్నోలియా బెండ్ అనే భాగంలో తెల్లని స్తంభాల పెద్ద ఇళ్లు తోటల యజమానుల భవంతులను తలపిస్తూనే ఉంటాయి, అటువంటి భవంతులను తమ రెక్కల కష్టంతో నిలబెట్టిన బానిసల జాడ మాత్రం ఎక్కడా కనిపించదు; అందాన్ని ఆస్వాదిస్తూనే ఈ లోటును గుర్తుంచుకోవడం న్యాయం.

ఇక కుక్కల సంగతి. ఫోర్ట్ వైల్డర్‌నెస్ అనే శిబిర స్థలంలో, డేరాలు, వాహన గృహాలు నిలిపే చోట, కుక్కలను చాలాకాలం నుంచే అనుమతించేవారు గాని, హోటల్ గదుల్లోకి రానిచ్చేవారు కాదు. కుక్కను వెంట తెచ్చినవారు పార్కుల దగ్గరున్న కెన్నెళ్లలో, అంటే జంతువులను రుసుము తీసుకొని చూసుకొనే గూళ్లలో, వదిలి వెళ్లేవారు. 2010లో ఆ విడివిడి కెన్నెళ్ల స్థానంలో, పోర్ట్ ఆర్లీన్స్‌కు సమీపంలోనే, బెస్ట్ ఫ్రెండ్స్ అనే సంస్థ నడిపే పెద్ద సంరక్షణ కేంద్రం వచ్చింది. 2017 అక్టోబరులో నాలుగు రిసార్టులలో కుక్కలకు గదుల్లో ప్రవేశం కల్పించారు: చవక తరగతి నుంచి ఆర్ట్ ఆఫ్ ఆనిమేషన్, మధ్యశ్రేణి నుంచి రివర్‌సైడ్, ఫోర్ట్ వైల్డర్‌నెస్‌లోని చెక్క గుడిసెలు, ఖరీదైన తరగతి నుంచి యాట్ క్లబ్. పిల్లికిగానీ చిలుకకుగానీ ఈ అవకాశం ఇవ్వలేదు.

అప్పుడు పెట్టిన నియమాల ప్రకారం ఒక గదిలో రెండు కుక్కల వరకు ఉండవచ్చు. 2017లో రివర్‌సైడ్‌లో రుసుము గదికి రాత్రికి 50 డాలర్లు, యాట్ క్లబ్‌లో 75 డాలర్లు ఉండేది. టీకాలు వేయించి ఉండాలి, బయట ఎక్కడైనా మెడపట్టీకి తాడు తగిలించి పట్టుకోవాలి, ఈతకొలను, భోజనశాల వంటి చోట్లకు తీసుకుపోకూడదు. గది అప్పగించేటప్పుడు డిస్నీ బొమ్మకథల్లోని కుక్క ప్లూటో పేరుతో ఒక స్వాగత సంచి ఇచ్చేవారు; అందులో పరిచే చాప, తిండికీ నీటికీ గిన్నెలు, మెడపట్టీకి వేలాడదీసే గుర్తింపు బిళ్ల, మలం ఎత్తే సంచులు ఉండేవి. వీటన్నింటికంటే విలువైనది సంచితోపాటు ఇచ్చే ఒక అట్టముక్క. తలుపు పిడికి తగిలించే ఆ అట్ట లోపల కుక్క ఉందని సిబ్బందికి చెబుతుంది. ముక్కూమొహం తెలియని మనిషి తాళంచెవితో తలుపు తెరిచినప్పుడు బెదిరిన కుక్క కరిచే ప్రమాదమూ, తెరిచిన తలుపులోంచి నేరుగా ఆరుబయటికి దూసుకుపోయే ప్రమాదమూ ఆ అట్టముక్కతోనే తప్పుతాయి.

అయితే హోటల్ తలుపు తెరుచుకున్నంత మాత్రాన పార్కు తలుపు తెరుచుకున్నట్లు కాదు. అంగవైకల్యం ఉన్న మనిషికి ఒక నిర్దిష్టమైన పని చేసిపెట్టేలా శిక్షణ పొందిన సేవాజంతువులకు అమెరికా చట్టం వేరే హక్కులు ఇచ్చింది. మామూలు పెంపుడు కుక్కకు పార్కులోగానీ, అక్కడికి తీసుకుపోయే బస్సులోగానీ చోటు లేదు. కాబట్టి కుటుంబం ఉదయం బయలుదేరి రాత్రి బాణసంచా చూసి తిరిగివస్తే, మధ్యలోని పన్నెండు పద్నాలుగు గంటలు ఆ కుక్క అలవాటు లేని వాసనల మధ్య, నాలుగు గోడల నడుమ గడపవలసివస్తుంది. అనుమతి దొరికిందన్న సంతోషంలో చాలామంది లెక్కవేయనిది ఈ గంటలనే. మధ్య ఫ్లోరిడాలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నం తిరిగేసరికి ఉరుములు మెరుపులతో వాన రావడం పరిపాటి. ఉరుముకు మంచం కిందికి దూరే కుక్క గదిలో వణుకుతున్న వేళకు, దాని మనుషులు ఎక్కడో వరుసలో నిలబడి ఉంటారు. అది ఆగకుండా మొరిగితే పక్కగదివారి ఫిర్యాదు మీద హోటల్ నుంచి ఫోను వస్తుంది, తిరిగివచ్చి కుక్కను సముదాయించవలసిన బాధ్యత యజమానిదే.

పోనీ కారులో ఉంచితేనో అన్న ఆలోచన అసలే రాకూడదు. మూసిన కారులో వేడి పది నిమిషాల్లోనే దాదాపు 20 ఫారన్‌హీట్ డిగ్రీలు పెరుగుతుంది. కుక్కకు మనిషిలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పడమే అది ఒంటిని చల్లబరచుకొనే ప్రధాన మార్గం, పగ్ వంటి పొట్టిముక్కు జాతులకు ఆ రొప్పడం కూడా చాలినంతగా సాగదు. నడకదారి విషయంలోనూ ఇంతే: అరచేతి వెనుకభాగాన్ని నేలకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే, ఆ నేల కుక్క పాదాలను కాల్చేస్తుంది. అందుకే నడక పొద్దున్నే గాని, ఎండ చల్లబడ్డాక గాని పెట్టుకోవాలి. రిసార్టులోని ఒక భాగానికి అలిగేటర్ బాయూ అని పేరు పెట్టింది అలంకారానికే అయినా, ఫ్లోరిడాలో ఏ మంచినీటి ఒడ్డునైనా మొసలిజాతికి చెందిన నిజమైన అలిగేటర్ ఉండవచ్చు. అవి చీకటిపడ్డాక ఎక్కువ చురుకుగా తిరుగుతాయి, చిన్నకుక్క వాటికి సహజమైన ఎర. సాయంత్రపు నడకలో కాలువ గట్టుకు దూరంగా, తాడు పొట్టిగా పట్టుకొని నడిపించడం తప్పనిసరి.

ఇంత ఖర్చూ జాగ్రత్తా ఎవరికి తగినవన్నది అందుకే అడగవలసిన ప్రశ్న. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో సెలవులకు వెళ్లే కుటుంబానికి ఇవి దాదాపు వర్తించవు: రేబిస్ ప్రమాదం ఎక్కువని అమెరికా గుర్తించిన దేశాల్లో భారతదేశం ఉంది, 2024 ఆగస్టు నుంచి అక్కడికి చేరే ప్రతి కుక్కకూ కనీసం ఆరు నెలల వయసు, చర్మం కింద గుర్తింపు చిప్ ఉండాలన్న నియమాలతో పాటు ఇటువంటి దేశాల కుక్కలకు మరిన్ని పత్రాలు అవసరం. అట్లాంటా వంటి నగరాలలో స్థిరపడి, కుక్కను కారులో ఎక్కించుకొని వెళ్లగల తెలుగువారికి మాత్రం, ఆ అనుమతి ఇప్పటికీ ఉందో లేదో ముందే కనుక్కొంటే, ఇది అక్కరకొచ్చే ఏర్పాటే. 2017 నాటి రుసుము లెక్కన నాలుగు రాత్రులకు కుక్క పేరిట 200 డాలర్లు ఇచ్చి, పగలంతా దానిని గదిలో బంధించి ఉంచడం కంటే, పొద్దున పార్కు చూసి, మధ్యాహ్నపు ఎండకూ ఉరుములకూ గదికి చేరి, దానితో కాసేపు పడుకొని, సాయంత్రం మళ్లీ వెళ్లడం మేలు. చంటిపిల్లలకూ, తాత అమ్మమ్మలకూ కూడా ఈ విరామమే ఊరట. రోజంతా బయట ఉండక తప్పని నాడు, దగ్గరలోని సంరక్షణ కేంద్రంలో ముందే చోటు మాట్లాడుకోవాలి. అక్కడ కూడా టీకాల పత్రం అడుగుతారు గనుక, దానిని ఇంట్లో బీరువాలో గాక కారులోనే పెట్టుకొని బయలుదేరాలి.