గుండెజబ్బును తరిమిన జిల్లా

ఫిన్లండు దేశపు తూర్పు సరిహద్దున ఉత్తర కరేలియా అను ప్రాంతము కలదు. అడవిపని, పాడి అచటివారి ముఖ్యవృత్తులు. ఇంత కాయకష్టము చేయువారికి గుండెజబ్బు రాదని మన మనుకొందుము. కాని 1970 ప్రాంతమున నడివయసు పురుషులు ఆ జబ్బుతో మరణించుట ప్రపంచములో అచటనే అత్యధికముగా నుండెను. 1971లో ఆ ప్రజలే సహాయము కోరుచు ప్రభుత్వమునకు విన్నపము పంపిరి.

ఇందుకు కారణమేమి? వారు రొట్టెకు దట్టముగా వెన్న పూసి, మీగడ తీయని పాలు త్రాగి, ఉప్పు హెచ్చుగా తినెడివారు. మగవారిలో సగముమంది పొగ త్రాగెడివారు. వెన్నలోని క్రొవ్వు రక్తములో కొలెస్టరాలును పెంచును. అది గుండెకు రక్తమునిచ్చు ధమనుల గోడలలో పేరుకొనగా దారి ఇరుకగును. ఉప్పు శరీరమున నీటిని నిలిపి రక్తపు పోటును హెచ్చించును. పొగ ధమనుల లోపలి పొరను చెరచును. ఈ మూడును ఒక్కనియందే కూడినచో ముప్పు ఎన్నో రెట్లగును.

1972లో పెక్కా పుస్కా అను వైద్యుని నాయకత్వమున నివారణకృషి మొదలయ్యెను. ఆరోగ్యకేంద్రములలో నర్సులు రక్తపు పోటు కొలిచి, హెచ్చుగా నున్నవారి పేర్లు పట్టికలో వ్రాసి, మరల మరల పిలిపించి చూచెడివారు. “వెన్న మానుడు” అని ఒక్కసారి చెప్పి పంపిన చాలదు. బదులు ఏమి తినవలెనో, ఎట్లు వండవలెనో తెలియవలెను. గృహిణుల సంఘములు కూరగాయలతో వంటలు చేసి చూపెను. మాంసపదార్థములు తయారుచేయువారు క్రొవ్వును, ఉప్పును తగ్గించిరి. పాడిరైతులు నష్టపడకుండ బెర్రీపండ్ల సాగును ప్రోత్సహించిరి.

2006 నాటికి 35–64 ఏండ్ల పురుషులలో గుండెజబ్బు మరణములు 80 శాతమునకు పైగా తగ్గినవి. చికిత్సలు మెరుగగుటయు ఇందుకు తోడ్పడెను. అయినను కొలెస్టరాలు, రక్తపు పోటు, పొగత్రాగుడు తగ్గుటయే ప్రధానకారణమని లెక్కలు చెప్పుచున్నవి.

మన యిండ్లలో వెన్నకంటె ఊరగాయలు, అప్పడముల ఉప్పు గమనింపదగినది. పెద్దలు రోజునకు 5 గ్రాముల ఉప్పు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఆ లెక్కన నలుగురు పెద్దలున్న యింట కిలో ఉప్పు, ఊరగాయలలోనిదానితో కలిపి, 50 రోజులు రావలెను. మీ యింట అది ఎన్ని రోజులకు అయిపోవుచున్నదో విద్యార్థులారా, లెక్కవేసి చూడుడు. ముందుగనే అయిపోవుచున్నచో ఆ లెక్కను పెద్దలకు చూపి, సమీప ఆరోగ్యకేంద్రమున రక్తపు పోటు కొలిపించుకొనుడని చెప్పుడు.