మీకు తెలుసా? 420 ఇప్పుడు 318

చీటీల డబ్బుతో ఉడాయించినవాణ్ని, ఉద్యోగం ఇప్పిస్తానని ముంచినవాణ్ని మనం ఇప్పటికీ ‘ఫోర్‌ట్వంటీ’ అనే తిడతాం. చట్టం మాత్రం ఆ నంబరు వదిలేసింది. 2024 జూలై 1న ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. మోసం చేసి ఆస్తి కాజేయడం ఇప్పుడు 318(4) కిందికి వస్తుంది. కొత్త చట్టం మొత్తం 358 సెక్షన్లే, కాబట్టి అందులో 420 వెతికినా దొరకదు. హత్యకు శిక్ష 302లో ఉండేది, 103కి మారింది. ఇప్పటి 302 కావాలని మత మనోభావాలను గాయపరిచే మాటల గురించి. సినిమా రచయితలు కాస్త చూసుకోవాలి.

అన్నిటికన్నా తమాషా 144ది. ఎన్నికలొచ్చినా ఎక్కడైనా గొడవైనా ‘144 పెట్టారు’ అనడం మనకు అలవాటు. ఆ అధికారం ఇప్పుడు సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 163వ సెక్షన్‌లో ఉంది. 144 ఖాళీగా మాత్రం లేదు. భార్యకు, పిల్లలకు, తల్లిదండ్రులకు మనోవర్తి ఇప్పించే పాత 125 అక్కడికి చేరింది. ఇకమీదట ఎవరిమీదైనా 144 పెట్టారంటే ఆయన భార్యకు డబ్బు కట్టడం లేదన్నమాట!

2024 జూలై 1కి ముందు జరిగిన నేరాలకు పాత ఐపీసీయే వర్తిస్తుంది. అందుకే క్రిమినల్ లాయర్ల బల్లల మీద ఇంకా చాలా ఏళ్లు రెండు పుస్తకాలూ కనిపిస్తాయి. మెడలో గొలుసు తెంపుకుపోవడం ఇన్నాళ్లూ దొంగతనాల్లోనో దోపిడీల్లోనో కలిసిపోయేది. ఇప్పుడు లాక్కెళ్లడానికి 304 అని విడిగా సెక్షన్ ఉంది, మూడేళ్ల దాకా జైలు. రూ.5,000 లోపు చిల్లర దొంగతనం మొదటిసారి చేసి, సొమ్ము తిరిగిచ్చేసినవాడికి జైలు బదులు సమాజ సేవ శిక్ష పడుతుంది.

ఇక ‘డిజిటల్ అరెస్టు’ సంగతి. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. అరెస్టు ఎలా చేయాలో సురక్షా సంహిత 43వ సెక్షన్ విప్పి చెబుతుంది. పోలీసు అధికారి ఆ మనిషిని తాకాలి, లేదా కదలకుండా నిలువరించాలి, లేదా ఆ మనిషే మాటతోనో చేతతోనో లొంగిపోవాలి. ఆడవాళ్లనైతే మగ పోలీసు మామూలుగా ముట్టుకోకూడదు. ప్రత్యేక కారణం, మేజిస్ట్రేట్ అనుమతి ఉంటే తప్ప పొద్దుగుంకాక, తెల్లవారకముందు వారిని అరెస్టు చేయకూడదు. వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకుని, వెనకాల జాతీయ జెండా పెట్టుకుని, ‘తలుపు గడియ వేసుకో, ఫోన్ కట్ చేయకు’ అని బెదిరించేవాడు ఈ సెక్షన్‌లో ఎక్కడా ఇమడడు. విచారణకు రమ్మని 35(3) కింద ఇచ్చే నోటీసును కూడా వాట్సాప్‌లో పంపి చేతులు దులుపుకోవడం కుదరదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో తేల్చి చెప్పింది. రిటైరైన మాస్టార్లు, బ్యాంకు మేనేజర్లు కూడా ఈ ఉచ్చులో పడుతున్నారంటే చదువు తక్కువై కాదు, పోలీసు మాట వింటేనే ఉండే బెరుకు వల్ల. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమైన కొద్దీ సొమ్ము చేతులు మారిపోతుంది.

‘కట్నం ఇచ్చి పంపాం కదా, ఇంక వాటా ఏమిటి?’ ఈ మాట వినపడని తెలుగు ఊరు ఉండదు. చట్టం ఈ మాటను ఎన్నడో దాటిపోయింది, అదీ మన దగ్గరే మొదలైంది. కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5న అమల్లోకి వచ్చింది. కేంద్రం అదే పని చేసింది 2005 సెప్టెంబరు 9న, అంటే ఇరవై ఏళ్ల తర్వాత. అయితే 1985 చట్టంలో ఒక మెలిక ఉండేది. అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించలేదు. ఒకే ఇంట్లో 84లో పెళ్లయిన అక్కకు హక్కు లేదు, 86లో పెళ్లయిన చెల్లెలికి ఉంది. ఆ కాలపు దావాల్లో పెళ్లి శుభలేఖలు సాక్ష్యానికి వచ్చాయంటే ఆశ్చర్యం లేదు. 2005 చట్టం పెళ్లి తేదీని పట్టించుకోలేదు. మరి 2005 నాటికి తండ్రి చనిపోయి ఉంటే? కోర్టులు ఒక్కోటి ఒక్కోలా చెబుతూ వచ్చిన ఈ ప్రశ్నకు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ముగింపు పలికింది. హక్కు పుట్టుకతో వచ్చేది, 2005 చట్టం వచ్చిన రోజుకు తండ్రి బతికి ఉండక్కర్లేదు అంది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు చేసుకున్న పంపకాలను, కోర్టు డిక్రీలను మాత్రం కదపరు. నోటిమాటగా పంచుకున్నాం అంటే కోర్టు అంత తేలిగ్గా నమ్మదు.

దీనికి తోక ఒకటుంది. చెల్లెలి చేత తెల్ల కాగితం మీద ‘నాకేమీ అక్కర్లేదు’ అని సంతకం పెట్టించుకుని, పట్టుచీర పెట్టి పంపేసే అన్నలు తెలుసుకోవాల్సింది. రూ.100 విలువకు పైబడిన స్థిరాస్తిలో హక్కు వదులుకునే పత్రాన్ని రిజిస్టరు చేయాల్సిందే. ఇవాళ వంద రూపాయలకు పట్టుమని గజం కాదు, గుప్పెడు మట్టి కూడా రాదు. పసుపు కుంకుమల కింద పొలం ఇచ్చామన్నా అంతే. స్థిరాస్తిని దానం చేయాలంటే ఇద్దరు సాక్షుల సంతకాలతో రిజిస్టర్డ్ దస్తావేజు ఉండాలి.

విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా పాత 125 కింద మనోవర్తి అడగవచ్చని 2024 జూలై 10న సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనిదే. ఫ్యామిలీ కోర్టు నెలకు రూ.20,000 అంది, హైకోర్టు రూ.10,000కు తగ్గించింది. అదీ ఇవ్వనక్కర్లేదని భర్త ఢిల్లీ దాకా వెళ్లి ఓడిపోయాడు. ఎస్సీ వర్గీకరణదీ మన దారే. ఆంధ్రప్రదేశ్ 2000లో చేసిన చట్టాన్ని 2004లో చిన్నయ్య కేసులో కొట్టేశారు. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6–1 తేడాతో ఆ తీర్పునే పక్కన పెట్టింది. 2025 ఏప్రిల్‌లో ఎస్సీ రిజర్వేషన్లను తెలంగాణ మూడు గ్రూపులకు 1, 9, 5 శాతాలుగా, ఆంధ్రప్రదేశ్ 1, 6.5, 7.5 శాతాలుగా పంచాయి.

నిజాం కాలపు చట్టం ఒకటి మొన్నమొన్నటి దాకా బతికే ఉందని చాలామందికి తెలియదు. 1329 ఫసలీ నాటి హిజ్రాల చట్టం అది. వాళ్ల పేర్లతో రిజిస్టరు పెట్టమనేది. ఆడవాళ్ల బట్టలు కట్టుకుని వీధిలోకి వస్తే వారంటు లేకుండానే పట్టుకోవచ్చనేది. తెలంగాణ హైకోర్టు దాన్ని 2023 జూలైలో కొట్టేసింది. నిజాం పోయినా, రెండు రాష్ట్రాలు మారినా ఆ కాగితం అలా పడి ఉంది!

ఇదే హైకోర్టు అంతకు కొద్ది రోజుల ముందే, 2023 జూన్‌లో, ఒక ఆస్తి తగాదాలో తీర్పును తెలుగులో వెలువరించింది. రాజ్యాంగం 348వ అధికరణ ప్రకారం హైకోర్టు భాష ఇంగ్లిషే కాబట్టి ఇంగ్లిషు ప్రతి కూడా జత చేశారు. ఓడినవాడికైనా ఎందుకు ఓడాడో తన భాషలో చదువుకునే వీలు దొరికింది.

‘తాజా తీర్పులు’ అంటూ లా ఫర్మ్‌లు ఇంత శ్రద్ధగా బులెటిన్లు ఎందుకు వేస్తాయో గమనించారా? న్యాయవాది తన గురించి ప్రకటన ఇచ్చుకోకూడదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 36వ నిబంధన అది. బోర్డు కూడా ఓ మోస్తరు సైజులోనే ఉండాలి. 2008లో వెబ్‌సైటుకు అనుమతిచ్చారు గానీ, అందులో పేరు, చిరునామా, చదువు, ఏ కేసులు చూస్తారో ఇలాంటివి తప్ప గొప్పలు రాసుకోకూడదు. ‘మేం గెలిపిస్తాం’ అనే వీలు లేదు. అందుకని ‘ఇదిగో, కొత్త చట్టం వచ్చింది’ అంటారు. పాఠకుడికి లాభమే.

స్టాంపు కాగితం కొన్న ఆరు నెలలకు చెల్లదన్నది డాక్యుమెంటు రైటర్ల దగ్గర వినపడే మాట. నిజం కాదు. ఆరు నెలల గడువు, వాడని కాగితం తిరిగిచ్చి డబ్బు వెనక్కి తీసుకోవడానికి. పాత కాగితం మీద ఒప్పందం రాసుకోవచ్చని సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది.

గడువు నిజంగా ఉన్నది ప్రోనోటుకు. అడిగినప్పుడు ఇస్తానని రాసినదైతే రాసిన తేదీ నుంచి మూడేళ్లే. ఈలోగా కొంత సొమ్ము కట్టి, అప్పు తీసుకున్నవాడే నోటు వెనకాల చెల్లు రాసి సంతకం పెడితే మళ్లీ మూడేళ్లు మొదలవుతుంది. అప్పిచ్చినవాడు తనే రాసుకున్న చెల్లు పనికిరాదు. రెవెన్యూ స్టాంపు మరవకూడదు. మామూలు ఒప్పందానికి స్టాంపు తక్కువైతే జరిమానా కట్టి కోర్టులో పెట్టుకోవచ్చు. ప్రోనోటుకు ఆ వెసులుబాటు లేదు. స్టాంపు లేని ప్రోనోటును పది లక్షలకు రాసినా కోర్టు సాక్ష్యంగా తీసుకోదు.