కొండదారికి ఎన్ని పళ్లు?

విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే బస్సు శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టగానే డ్రైవరు ఏం చేస్తాడో గమనించారా? గేరు మారుస్తాడు. ఇంజను మోత పెరుగుతుంది, బస్సు వేగం తగ్గుతుంది. అరకు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. అంత పెద్ద ఇంజనుకే గేరు మార్చక తప్పనప్పుడు, సైకిలు తొక్కే మన కాళ్ల మాటేమిటి?

ముందు మీ సైకిలుకు స్టాండు వేసి పళ్లు లెక్కపెట్టండి. పెడళ్ల దగ్గరి పెద్ద చక్రానికి 44, వెనక ఫ్రీవీలుకు 18 ఉన్నాయనుకుందాం. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం 44/18, అంటే సుమారు 2.44 చుట్లు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రం చుట్టుకొలత 2.2 మీటర్లు. కాబట్టి పెడలు ఒక్క చుట్టుకు సైకిలు 5.4 మీటర్లు పోతుంది. చదును నేల మీద ఇది హాయిగానే ఉంటుంది.

ఇప్పుడు 15 మీటర్లకు ఒక మీటరు చొప్పున లేచే రోడ్డు ఎక్కుదాం. 50 కిలోల కుర్రవాడు, 18 కిలోల సైకిలు, 7 కిలోల సామాను, మొత్తం 75 కిలోలు. పెడలు ఒక చుట్టు తిరిగేసరికి ఇదంతా 36 సెంటీమీటర్లు పైకి లేవాలి. చేయవలసిన పని 75 × 9.8 × 0.36, అంటే సుమారు 265 జౌళ్లు. ఆ చుట్టులో పాదం తిరిగే దూరం 107 సెంటీమీటర్లు. పనిని దూరంతో భాగిస్తే సుమారు 250 న్యూటన్లు, అంటే 25 కిలోల బరువంత బలం వస్తుంది. ఇది సగటు మాత్రమే. పెడలు పైన, కింద ఉన్నప్పుడు మన నొక్కుడు అంతగా పనికిరాదు. ఆ లోటు మధ్యలో పూడ్చాలి కనుక అక్కడ దాదాపు 40 కిలోలు కావాలి. కుర్రవాడి బరువే 50! అందుకే సీటు మీంచి లేచి, పెడళ్ల మీద నిలబడి తొక్కుతాడు. కాసేపటికి దిగి నెట్టుకుంటూ పోతాడు.

ముందు 34, వెనక 34 పళ్లు ఉంటే? పెడలు చుట్టుకు చక్రం కూడా ఒక్క చుట్టే. సైకిలు 2.2 మీటర్లే పోతుంది, 15 సెంటీమీటర్లే లేస్తుంది. సగటు బలం 10 కిలోలకు దిగుతుంది. కొండ ఎత్తు తగ్గలేదు, మొత్తం పనీ తగ్గలేదు. కాకపోతే ఎక్కువసార్లు, తేలిగ్గా తొక్కుతాం. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 8 కిలోమీటర్ల వేగం. అది చాలు.

గేరు వాడటం చేతకానితనం అనుకున్న రోజులున్నాయి. ఫ్రాన్సులో వెలోసియో అనే కలంపేరుతో రాసిన పాల్ ద వివీ 1887లో సైకిలు పత్రిక ఒకటి ప్రారంభించి, కొండదారుల్లో తానే తిరుగుతూ, గేర్లు కావాలని ఏళ్ల తరబడి వాదించాడు. టూర్ ద ఫ్రాన్స్ పందెం 1910లోనే 2,115 మీటర్ల టూర్మలే కనుమ ఎక్కింది. అయినా గొలుసును ఒక పళ్లచక్రం నుంచి మరొకదానికి జరిపే గేర్లను నిర్వాహకులు 1937 దాకా అనుమతించలేదు. అంతవరకు పందెగాళ్లు కొండ కింద ఆగి, వెనక చక్రం ఊడదీసి, రెండోవైపున్న పెద్ద పళ్లచక్రం గొలుసుకు తగిలేలా తిప్పి బిగించుకునేవారు!

ఇప్పుడు కంకర దారుల్లోనూ నడిచే వెడల్పు టైర్ల గ్రావెల్ సైకిళ్లు వచ్చాయి. తక్కువ ధర వాటిలో కొన్నింటికి ముందు చిన్న చక్రం 34 పళ్లది, వెనక పెద్దది 28 పళ్లది. దాన్ని బాగుచేయాలనుకునే అన్నయ్యలు తేలికపాటి భాగాల కోసం డబ్బు పోస్తుంటారు. లెక్క చూడండి. ఒక కిలో తగ్గిస్తే 75లో ఒక వంతు మిగిలింది. వెనక 28 పళ్ల చక్రం స్థానంలో 34 పళ్లది వేస్తే కాలి మీద భారం దాదాపు ఆరో వంతు తగ్గింది. మెకానిక్కును రెండు విషయాలు అడగాలి: గొలుసును జరిపే చెయ్యి 34 పళ్లదాకా అందుకుంటుందా, గొలుసు పొడవు సరిపోతుందా అని.

నన్నడిగితే గేరుకన్నా ముందు బ్రేకులకు ఖర్చు పెట్టమంటాను. ఎక్కేటప్పుడు అలసిపోతే దిగి నడవవచ్చు. దిగేటప్పుడు బ్రేకు పట్టకపోతే నడవడానికి వ్యవధి ఉండదు. మన 75 కిలోలు 100 మీటర్లు కిందికి దిగితే 73,500 జౌళ్ల శక్తి విడుదలవుతుంది. వేగం పెరగకుండా మెల్లగా దిగితే అందులో చాలా భాగం బ్రేకుల దగ్గర వేడిగా మారుతుంది. ఆ వేడి ఒక గ్లాసు నీళ్లను, అంటే 250 గ్రాములను, 30 డిగ్రీల నుంచి మరిగే దాకా తేగలదు! 800 మీటర్లు దిగితే ఎనిమిది గ్లాసులు. రిమ్మును పట్టే బ్రేకు అదేపనిగా నొక్కి ఉంచితే రిమ్ము కాలి ట్యూబు పేలవచ్చు. డిస్కు బ్రేకయితే ఆ పళ్లెం కాలుతుంది. దిగగానే దాన్ని ముట్టుకోకండి.

అందుచేత మలుపు రాకముందే రెండు బ్రేకులూ కలిపి గట్టిగా పట్టి, వేగం తగ్గాక వదలాలి. ఆ వ్యవధిలో గాలి తగిలి రిమ్ము చల్లబడుతుంది. వానలో ఇనుప రిమ్ము మీద రబ్బరు జారుతుంది. అక్కడ సైకిలు ఆగేందుకు ఎంతో ఎక్కువ దూరం కావాలి. బయలుదేరే ముందు రోజు బ్రేకు రబ్బర్లు ఎంత అరిగాయో, కేబుల్లో ఒక్క పోగయినా తెగిందో చూసుకోండి. తెగితే అప్పుడే మార్పించండి.