సెలవు మెసేజ్ వెనక 72 గంటల పని

"తుపాను హెచ్చరికల దృష్ట్యా రేపు జిల్లాలోని విద్యాసంస్థలకు సెలవు." అక్టోబరు, నవంబరు నెలల్లో కోస్తా జిల్లాల తల్లిదండ్రుల ఫోన్లకు ఇలాంటి మెసేజ్ రావడం మామూలే. పిల్లలకు సంబరం. పెద్దలకు మాత్రం ఒక సందేహం: బయట ఎండ కాస్తుంటే ఇప్పుడే సెలవెందుకు? తుపాను దారి మళ్లి ఇంకెక్కడో తీరం దాటితే, "అనవసరంగా హడావుడి చేశారు" అని కూడా అనుకుంటాం.

నిజానికి ఆ సెలవు ఒక పెద్ద టైంటేబుల్‌లో ఒక పీరియడ్ మాత్రమే. ఈదురుగాలులు మొదలయ్యాక ఏ అధికారీ పెద్దగా చేయగలిగేది ఉండదు. బస్సు కదలదు, బోటు కదలదు, క్రేన్ పైకి లేవదు. ప్రాణాలు కాపాడే పనంతా గాలి రాకముందే పూర్తి కావాలి. ఆ టైంటేబుల్ ఎలా నడుస్తుందో, అందులో మన వంతు ఎక్కడుందో తెలుసుకుందాం.

బాధ్యత ఎవరిది?

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ ఒక విపత్తు నిర్వహణ సంస్థ ఉంటుంది. దానికి కలెక్టర్ అధ్యక్షులు, జిల్లా పరిషత్ ఛైర్‌పర్సన్ సహాధ్యక్షులు. ఎస్పీ, జిల్లా వైద్యాధికారి సభ్యులుగా ఉంటారు. మున్సిపాలిటీలకు, పంచాయతీలకు కూడా ఇదే చట్టం కొన్ని పనులు అప్పగించింది. సిబ్బందికి శిక్షణ ఇప్పించడం, సామగ్రిని ఎప్పుడూ వాడకానికి సిద్ధంగా ఉంచడం, విపత్తు తర్వాత సహాయ పనులు చేపట్టడం అందులో ముఖ్యమైనవి.

ఈ పని తుపాను కబురుతో మొదలయ్యేది కాదు. వానాకాలానికి ముందే డ్రైన్లలో పూడిక తీయించాలి. కరెంటు తీగలకు తగిలే కొమ్మలు కొట్టించాలి. నీళ్లు నిలిచే కాలనీల జాబితా తయారు చేసుకోవాలి. ఏ కాలనీ వాళ్లను ఏ భవనానికి తరలించాలో ముందే నిర్ణయించాలి. పునరావాస కేంద్రాలుగా తరచూ వాడేది పక్కా స్కూలు భవనాలనే. స్కూళ్లకు ముందుగా సెలవు ఇవ్వడానికి ఇదీ ఒక కారణం.

72 గంటల నుంచి 12 గంటల దాకా

వాతావరణ శాఖ తుపాను సమాచారాన్ని నాలుగు దశల్లో ఇస్తుంది.

మొదటి దశ: కనీసం 72 గంటల ముందు. ఇది అధికారులకు అందే ముందస్తు సూచన. కంట్రోల్ రూములు తెరుస్తారు, సిబ్బంది సెలవులు రద్దు చేస్తారు. వేటకు వెళ్లిన మత్స్యకారులను వెనక్కి రమ్మంటారు.

రెండో దశ: కనీసం 48 గంటల ముందు. దీని రంగు పసుపు. రేషన్ సరుకులు, మందులు ముంపు ప్రాంతాలకు ముందే చేరుస్తారు. జేసీబీలు, చెట్లు కోసే రంపాలు, మంచినీటి పంపులు ఆడించడానికి జనరేటర్లు సమకూర్చుకుంటారు. అవసరాన్ని బట్టి ఎన్డీఆర్ఎఫ్ బృందాలు వస్తాయి. మన రాష్ట్రంలో వాళ్ల పదో బెటాలియన్ కేంద్రం విజయవాడ దగ్గర కొండపావులూరులో ఉంది.

మూడో దశ: కనీసం 24 గంటల ముందు. రంగు నారింజ. పల్లపు ప్రాంతాల నుంచి, తీరం దగ్గరి పూరిళ్ల నుంచి జనాన్ని తరలించే సమయం ఇదే. ప్రసవానికి దగ్గరలో ఉన్న గర్భిణులను ముందుగానే ఆసుపత్రికి చేరుస్తారు.

నాలుగో దశ: తీరం దాటడానికి కనీసం 12 గంటల ముందు. రంగు ఎరుపు. తుపాను తీరం దాటాక లోపలి జిల్లాల్లో ఏం జరగవచ్చో కూడా ఇందులో చెబుతారు. ఈపాటికి ఎవరుండాల్సిన చోట వాళ్లు ఉండాలి.

తీరం దాటే చోటును చాలా ముందుగా కచ్చితంగా చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. అందుకే తుపాను తాకే అవకాశమున్న జిల్లాలన్నీ సిద్ధం కావాలి. చివరికి కొన్ని జిల్లాల్లో ఏమీ జరగదు. అక్కడి సన్నాహాన్ని వృథా అనుకోకూడదు. వానకు గొడుగు పట్టుకెళ్లడం లాంటిదే అది కూడా.

దివిసీమ నుంచి విశాఖ దాకా

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. దాదాపు 10 వేల మంది చనిపోయారు. ఆ రోజుల్లో హెచ్చరిక ఊరూరా వేగంగా చేరే మార్గం లేదు. చేరినా, పారిపోయి తల దాచుకోవడానికి తీర గ్రామాల్లో ఎత్తైన పక్కా భవనాలు చాలా తక్కువ.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖపట్నాన్నే తాకింది. గాలి వేగం గంటకు 170 కిలోమీటర్లు దాటింది. నగరంలో చెట్లు నేలకొరిగాయి, విమానాశ్రయం పైకప్పు దెబ్బతింది, కరెంటు, ఫోన్లు రోజుల తరబడి పనిచేయలేదు. ఆస్తి నష్టం అపారం. అయినా ఆంధ్రప్రదేశ్‌లో మృతుల సంఖ్య వంద లోపే. తుపాను రాకముందే లక్షమందికి పైగా జనాన్ని తరలించడం అందుకు ముఖ్యమైన కారణం. ఉపగ్రహాలు, మచిలీపట్నం, విశాఖల్లోని రాడార్లు, తీరం వెంట కట్టిన తుపాను రక్షణ భవనాలు అది సాధ్యమయ్యేలా చేశాయి.

సముద్రం దూరంగా ఉందా?

"మాది తీర ప్రాంతం కాదు కదా" అనుకోవడానికీ వీల్లేదు. 2020 అక్టోబరులో కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం హైదరాబాద్ కాలనీలను ముంచేసింది. 2024 సెప్టెంబరు మొదట్లో భారీ వర్షాలకు బుడమేరు పొంగి, గట్లకు గండ్లు పడి విజయవాడలోని సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. పడవలు, హెలికాప్టర్లు, డ్రోన్లతో ఆహారం అందించాల్సి వచ్చింది. పై అంతస్తు ఉన్నవాళ్లు ప్రాణాలైతే దక్కించుకున్నారు గానీ తాగునీటికి ఇబ్బంది పడ్డారు.

మన వంతు

కలెక్టర్ ఆఫీసు నుంచి మన వీధి దాకా వచ్చిన హెచ్చరిక చివరి అడుగు మన గుమ్మం దగ్గర వేయాలి. సామాన్లు పోతాయనో, ఇంతకుముందు ఏమీ కాలేదనో ఇల్లు వదలని కుటుంబాన్ని గాలి మొదలయ్యాక బయటికి తేవడం చాలా కష్టం. అందుకని ఈ వారాంతంలో ఇంట్లో అందరూ కూర్చుని ఇవి మాట్లాడుకోండి.

• మన వార్డుకు పునరావాస కేంద్రం ఎక్కడ? వార్డు సచివాలయంలో గానీ, మున్సిపల్ ఆఫీసులో గానీ అడగండి.

• అమ్మానాన్నల ఫోన్ నంబర్లు పిల్లలకు నోటికి రావాలి. ఫోన్‌లో సేవ్ చేసిన నంబరు, ఛార్జింగ్ అయిపోతే అక్కరకు రాదు.

• ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, సర్టిఫికెట్లు ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. టార్చి, పవర్ బ్యాంక్, కొంత నగదు, తాతయ్య, నానమ్మల మందులు పక్కనే ఉంచండి.

• నారింజ హెచ్చరిక రాగానే మంచినీళ్లు పట్టి పెట్టుకోండి. ఇల్లు ఖాళీ చేయమంటే వెలుతురు ఉండగానే బయలుదేరండి.

• గాలి ఒక్కసారిగా ఆగిపోతే తుపాను పోయిందనుకుని బయటికి రావద్దు. అది తుపాను కన్ను కావచ్చు. కాసేపట్లోనే గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది. అధికారులు చెప్పేదాకా పిల్లలను లోపలే ఉంచండి.

• తెగిపడిన తీగల దగ్గరికి, నిలిచిన నీళ్లలోకి పిల్లలను వెళ్లనివ్వవద్దు. కింద తెరిచిన మ్యాన్‌హోల్ ఉందో లేదో పైకి కనపడదు.

• 112 అత్యవసర సహాయానికి, 1070 రాష్ట్ర కంట్రోల్ రూముకు, 1077 జిల్లా కంట్రోల్ రూముకు. ఈ మూడూ ఫ్రిజ్ మీద రాసి అంటించండి. ఆ పని పిల్లలకే అప్పగిస్తే వాళ్లకూ గుర్తుంటుంది.

ఇంకొక్క మాట. స్కూలు రికార్డులో ఉన్న మీ నంబరు మారి ఉంటే ఈ నెలలోనే ఆఫీసులో సరిచేయించండి. ఊళ్లోనే ఉండే దగ్గరి బంధువు నంబరు కూడా ఇవ్వండి. వాన కారణంగా బడి మధ్యలో వదలాల్సి వస్తే, మీ ఫోన్ కలవకపోయినా బిడ్డను ఎవరికి అప్పగించాలో అప్పుడు టీచర్‌కు తెలుస్తుంది.