కథాస్థలాల్లో స్వయం మార్గదర్శక నడక: విజయవాడ ఉదాహరణ

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• స్వయం మార్గదర్శక నడక అంటే ఏమిటో వివరించగలుగుతారు.
• ఒక స్థలానికి సంబంధించిన కథను, ఆధారాన్ని, తరువాతి మార్పును వేరుచేసి చెప్పగలుగుతారు.
• మీ ఊరిలో ఒక చిన్న నడకకు సూచన పత్రం తయారుచేయగలుగుతారు.

7.1 పరిచయం

గైడు వెంట లేకుండా, చేతిలోని మ్యాపు, సూచన పత్రం సాయంతో సందర్శకుడు తన వీలునుబట్టి సాగించే యాత్రను స్వయం మార్గదర్శక నడక అంటారు. ఇటీవల వీడియో గేములు కూడా ఇటువంటి నడకలకు ప్రేరణ అవుతున్నాయి. తెరమీద తాము తిరిగిన పారిస్, ఫ్లోరెన్స్ వీధులను కళ్ళారా చూడాలని ఆటగాళ్ళు కోరుకుంటారు. మన దగ్గర ఆ పని స్థలపురాణాలు ఎప్పటినుంచో చేస్తున్నాయి. "అర్జునుడు తపస్సు చేసిన కొండ ఇదే" అని విని ఇంద్రకీలాద్రి వైపు తలెత్తి చూసిన ప్రతివారూ ఒక కథాస్థలాన్ని చూసినట్లే.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. సందేహం వస్తే గైడును అడగవచ్చు, కాగితాన్ని అడగలేము. మీరు ఈ పాఠాన్ని అధ్యాపకుడు పక్కన లేకుండా చదువుతున్నట్లే, సందర్శకుడు కూడా ఒంటరిగా చదువుకుంటాడు. పత్రంలో తప్పు ఉంటే అది అతని వెంట ఇంటిదాకా వెళుతుంది.

7.2 ఆటలోని నగరం, అసలు నగరం

'అసాసిన్స్ క్రీడ్ యూనిటీ' (2014) అనే గేము ఫ్రెంచి విప్లవ కాలపు పారిస్‌ను చూపుతుంది. అందులో నోత్ర్ దామ్ చర్చి కప్పుమీద సన్నని ఎత్తైన శిఖరం కనిపిస్తుంది. నిజానికి పాత శిఖరాన్ని 18వ శతాబ్ది చివరలో తొలగించారు. ఆటలో ఉన్నది 19వ శతాబ్దిలో కట్టిన శిఖరం. జనం మనసులో ఉన్న చర్చి రూపం అదే కాబట్టి ఆటలోనూ అదే కనిపిస్తుంది.

ఇదే వరుసలో ప్రాచీన ఈజిప్టు గురించి 2018లో వచ్చిన 'డిస్కవరీ టూర్'లో పోరాటాలు ఉండవు. తిరిగి చూడటమే పని. అందులో ఒక బడిలో అబ్బాయిలతోపాటు అమ్మాయిలు కూడా కూర్చుని ఉంటారు. ఇది చరిత్ర కాదని, తాము కావాలనే అలా చూపామని రూపకర్తలు అక్కడే చెప్పారు. మార్చడం తప్పు కాదు. మార్చిన సంగతి దాచడమే తప్పు.

7.3 మూడు గడుల పద్ధతి

ప్రతి మజిలీకి సూచన పత్రంలో మూడు గడులు గీయండి:
(అ) కథ: ఇక్కడ ఏమని చెప్పుకుంటారు?
(ఆ) ఆధారం: కంటికి కనిపించే రాయి, శాసనం, కట్టడం ఏమిటి?
(ఇ) మార్పు: ఆ తరువాతి కాలంలో ఏది చేరింది, ఏది పోయింది?

7.4 విజయవాడలో ఒక నడక

మొదటి మజిలీ, అక్కన్న మాదన్న గుహలు: ఇవి ఇంద్రకీలాద్రి పాదం దగ్గర ఉన్నాయి. అక్కన్న, మాదన్నలు 17వ శతాబ్దిలో గోల్కొండ సుల్తాను కొలువులో ఉన్న సోదరులు. గుహలు అంతకు దాదాపు వెయ్యేళ్ళ ముందువి. అంటే ఇక్కడ పేరు కొత్తది, రాయి పాతది.

రెండవ మజిలీ, ఇంద్రకీలాద్రి: అర్జునుడు ఇక్కడ తపస్సు చేశాడని, శివుడు కిరాతుడై వచ్చి అతనితో పోరాడి పాశుపతాస్త్రం ఇచ్చాడని కథ. సంస్కృత మహాభారతంలో ఇంద్రకీలం హిమాలయ ప్రాంతంలోనిది. మరి ఇక్కడి ఆధారం ఏమిటి? కిరాతార్జున గాథను చెక్కిన ప్రాచీన స్తంభం ఒకటి ఈ కొండకు చెందినదే. అర్జునుడు ఇక్కడికి వచ్చాడని అది రుజువు చేయదు. వెయ్యేళ్ళ క్రితమే బెజవాడ ప్రజలు ఈ కొండను ఆ కథతో ముడిపెట్టుకున్నారని మాత్రం చెబుతుంది. అదీ చరిత్రే.

మూడవ మజిలీ, దుర్గాఘాట్, ప్రకాశం బ్యారేజి: ఘాట్ దగ్గర నిలబడితే కృష్ణ చెరువులా నిండుగా, నిదానంగా కనిపిస్తుంది. అర్జునుడు చూసిన నది ఇదే అనిపిస్తుంది. కాని ఈ నిండుదనం ఆనకట్టది. 1852-55 మధ్య కట్టిన పాత ఆనకట్టకు 1952లో గండిపడింది. 1957లో ప్రకాశం బ్యారేజి పూర్తయింది. అంతకు పూర్వం ఇక్కడ వేసవిలో ఇసుక మేటల మధ్య పాయలు, వానాకాలంలో వరద. పదవ శతాబ్ది బెజవాడ మీద ఎవరైనా గేము తయారుచేసి అందులో ఈ నిండు నీటిని చూపిస్తే, అది నోత్ర్ దామ్ శిఖరం వంటి పొరపాటే అవుతుంది.

నాల్గవ మజిలీ, ఉండవల్లి: సుమారు 1.2 కిలోమీటర్ల బ్యారేజిని దాటి సీతానగరం చేరి, అక్కడినుంచి ఆటోలో వెళ్ళవచ్చు. కొండను నాలుగు అంతస్తులుగా తొలిచిన గుహాలయం, అందులో పడుకుని ఉన్న అనంతపద్మనాభుని ఏకశిలా విగ్రహం చూడండి. ఈ మజిలీకి మూడు గడులను మీరే నింపండి.

సూచన: ఎండ ముదరక ముందే బయలుదేరండి. దసరా రోజుల్లో కొండ దగ్గర రద్దీ ఎక్కువ. బ్యారేజి మీద వాహనాలను గమనిస్తూ నడవండి.

7.5 సారాంశం

కథను కొట్టిపారేసే పత్రం సందర్శకుని మనసు నొప్పిస్తుంది. కథనే చరిత్రగా చెప్పే పత్రం అతనిని మోసగిస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి, వాటి మధ్య గీత స్పష్టంగా గీసే పత్రమే మంచి పత్రం. ఆ గీత కనిపించినప్పుడు భక్తుడూ, విద్యార్థీ ఒకే కొండ ఎక్కగలుగుతారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. స్వయం మార్గదర్శక నడకలో సూచన పత్రానికి ఎక్కువ బాధ్యత ఎందుకు ఉంటుంది?
2. కిరాతార్జున స్తంభం దేనికి ఆధారం? దేనికి కాదు?
3. మీ ఊరిలో కథ ఉన్న ఒక గుడి, చెరువు లేదా గుట్టను ఎంచుకుని మూడు గడుల పత్రం రాయండి. ఆ కథను ఊరి పెద్దల్లో ఇద్దరిని విడివిడిగా అడిగి, తేడాలను కూడా నమోదు చేయండి.