పాఠకుడూ సరుకే: పత్రికల ఆర్థికం, విమర్శకుల వాదం

దినపత్రికకు పాఠకుడు చెల్లించే వెల చాలా సందర్భాల్లో దాని తయారీ ఖర్చుకైనా సరిపోదు. ఆ లోటును ప్రకటనల ఆదాయం పూడుస్తుంది. అంటే పత్రిక ఒకేసారి రెండు బేరాలు సాగిస్తుంది. పాఠకుడికి వార్తలు అమ్ముతుంది, ప్రకటనకర్తకు ఆ పాఠకుడి దృష్టిని అమ్ముతుంది. రెండో బేరంలో ప్రేక్షకులే అసలు సరుకని కెనడాకు చెందిన రాజకీయార్థిక శాస్త్రవేత్త డల్లాస్ స్మైత్ 1977లో వాదించారు. అంతకు మూడు దశాబ్దాల ముందే అడోర్నో, హోర్క్‌హైమర్‌లు ‘సంస్కృతి పరిశ్రమ’ను విమర్శించారు. అయితే పాశ్చాత్య మార్క్సిస్టులు భావజాలాన్ని చూసినంతగా జమాఖర్చులను చూడలేదన్నది స్మైత్ ఆక్షేపణ.

ఈ వాదానికి బ్రిటన్‌లో ‘డైలీ హెరాల్డ్’ కథ మంచి దృష్టాంతం. కార్మిక పక్షాన నిలిచిన ఆ పత్రిక 1964లో మూతపడే నాటికి 12 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడయ్యేవి. దానికి పాఠకులకు కొదవ లేదు. వారి కొనుగోలు శక్తిపైనే ప్రకటనకర్తలకు ఆసక్తి లేదు. ఎడ్వర్డ్ హెర్మన్, నోమ్ చోమ్‌స్కీలు 1988లో వార్తలను వడకట్టే అయిదు జల్లెడల్లో యాజమాన్యం తరువాత ప్రకటనలనే పేర్కొన్నారు. దీనికి ఎవరి కుట్రా అక్కరలేదు, పద్దులు చాలు.

భారతదేశంలో ఈ ప్రశ్న న్యాయస్థానం వరకూ వెళ్లింది. పెద్ద పత్రికలు ప్రకటనల బలంతో తక్కువ ధరకు ఎక్కువ పేజీలిచ్చి చిన్న పత్రికలను అణగదొక్కుతున్నాయని భావించిన తొలి ప్రెస్ కమిషన్, ధరను పేజీల సంఖ్యతో ముడిపెట్టాలని 1954లో సిఫారసు చేసింది. దాన్ని అనుసరించి 1956లో చట్టం, 1960లో ఉత్తర్వు వచ్చాయి. పుణె నుంచి వెలువడే మరాఠీ దినపత్రిక ‘సకాళ్’ వీటిని సవాలు చేసింది. పేజీలు తగ్గించాలి, లేదా ధర పెంచాలి. ఎటు చూసినా పాఠకులు తగ్గుతారు. ప్రకటనల స్థలాన్ని కుదించినా ధర పెరిగి ప్రచారం పడిపోతుందని, ఇది నేరుగా వాక్ స్వాతంత్ర్యంపై దెబ్బేనని సుప్రీంకోర్టు 1961లో ఆ నిబంధనలను కొట్టివేసింది. తీర్పులోని తర్కం బలమైనదే. కానీ కమిషన్ లేవనెత్తిన గుత్తాధిపత్య సమస్యకు అందులో పరిష్కారం దొరకలేదు.

ప్రకటనకూ వార్తకూ మధ్య గీత 2009 ఎన్నికల్లో దాదాపు చెరిగిపోయింది. అభ్యర్థుల నుంచి సొమ్ము తీసుకుని ప్రచారాన్ని వార్తల రూపంలో అచ్చువేశారన్న ఆరోపణలపై ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘాన్ని నియమించింది. అందులోని ఇద్దరు సభ్యులు పరంజోయ్ గుహా ఠాకుర్తా, తెలుగు సంపాదకుడు కె. శ్రీనివాస్ రెడ్డి. పేర్లతో సహా వారిచ్చిన నివేదికను కౌన్సిల్ 2010లో కుదించి విడుదల చేసింది. పూర్తి పాఠం 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశం తరువాతే బయటికి వచ్చింది. తమ పద్దులను తామే ప్రచురించుకోవడం పత్రికా రంగానికి ఎంత కష్టమో ఈ జాప్యమే చెబుతోంది. అదే ఏడాది అక్టోబరులో, ఇటువంటి వార్తల ఖర్చును లెక్కల్లో చూపనందుకు ఉత్తరప్రదేశ్‌లోని బిసౌలీ శాసనసభ్యురాలు ఉమ్లేశ్ యాదవ్‌ను ఎన్నికల సంఘం మూడేళ్లపాటు అనర్హురాలిగా ప్రకటించింది.

సిద్ధాంతాలకూ హద్దులున్నాయి. చదువరి ఇచ్చినదల్లా మింగడని, తన అనుభవంతో అర్థాన్ని మార్చుకోగలడని స్టూవర్ట్ హాల్ 1970లలోనే గుర్తుచేశారు. అయితే డబ్బిచ్చి వేయించిన వార్తను మామూలు వార్తగా నమ్మిన ఓటరుకు ఆ అవకాశం తక్కువ.

ఇప్పుడు దృష్టిని అమ్మే సంత పత్రికల చేతి నుంచి అంతర్జాల వేదికల చేతికి మారుతోంది. డిజిటల్ వార్తా ప్రచురణకర్తల సంఘం ఫిర్యాదుపై గూగుల్ మీద దర్యాప్తు జరపాలని భారత పోటీ కమిషన్ 2022 జనవరిలో ఆదేశించింది. ప్రకటనల ఆదాయంలో తమ వాటా ఏ ప్రాతిపదికన నిర్ణయమవుతోందో తమకే తెలియడం లేదన్నది ప్రచురణకర్తల ప్రధాన అభియోగం.